నేనడిగినా చెప్పకండి

మోగుతున్న ఫోనుని మా వదిన వదిలెయ్యలేదు. అది మనదైనా, పక్కింటిదైనా, టీవీ సీరియల్లోదైనా ఒకటే. సీరియల్లో బల్ల మీద ఫోను మోగుతూ ఉంటే ఆ పిల్ల దాని వంకే చూస్తూ కన్నీళ్ళు కారుస్తుంది చూడండి, అప్పుడు మా వదిన సోఫా అంచుకి జరిగి, "ఎత్తవే తల్లీ, అవతలివాళ్ళు ఎంతసేపని ఆగుతారు" అని పళ్ళు నూరుతుంది. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిన మనిషి మరి. రిటైరైన రోజున గోడగడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపించారు. ఇంటికొచ్చాక ఆ గడియారంలో ముళ్ళు తిరగడం చూడ్డం తప్ప ఆవిడకి వేరే పని లేకపోయింది.

నేను ఆవిడ ఆడపడుచుని. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. అన్నయ్య పోయాక వదిన దగ్గరికే వచ్చేశాను. నాకు కోపం ముక్కు మీదుంటుంది, ఆవిడకి నవ్వు నాలుక చివరుంటుంది. ఇద్దరికీ కలిపి ఒక టీవీ, ఒక స్మార్ట్‌ఫోను. ఫోను ఆవిడదే. నాకు వేళ్ళ కింద మీటలు టకటకమనకపోతే రాసినట్టుండదు.

మేముండేది ఆరంతస్తుల భవనంలో. అంతస్తుకి పద్నాలుగు చొప్పున ఎనభై నాలుగు ఇళ్ళు. లిఫ్టు ఒకటే, అది కూడా తలుపు మూసుకోవాలా వద్దా అని ప్రతిసారీ ఆలోచిస్తుంది. ఒకప్పుడు ఏ సంగతైనా కింద నోటీసు బోర్డుకి కాగితం అంటించి చెప్పేవారు. మా సెక్రటరీ కొత్తగా వచ్చాక కాగితం మానేసి, అంతా ఫోనులో గ్రూపు పెట్టేశాడు. నలభై అయిదేళ్ళ మనిషి, చాలా మంచివాడు. ఈ మంచివాళ్ళతోనే వస్తుంది నాకు చిక్కు, తిట్టడానికి ఎక్కడా సందు దొరకదు.

ఆ గ్రూపు పెట్టిన రెండో వారంలో ఓ పొద్దున్నే మూడో అంతస్తు పెద్దాయన ఒంటి నిండా సబ్బు నురగతో, నడుముకి తువ్వాలుతో, కళ్ళు మూసుకుని గోడ తడుముకుంటూ మెట్ల దగ్గరికి వచ్చేశారు. మధ్యలో కుళాయి ఆగిపోయిందట. "నీళ్ళు ఆపుతున్నామని గ్రూపులో పెట్టాం కదండీ" అన్నాడు సెక్రటరీ. "నాయనా, నా దగ్గరున్నది మీటల ఫోను. అందులో నీ గ్రూపు పట్టదు" అన్నారాయన, కళ్ళు మండుతున్నా మర్యాదగానే. నేను నవ్వాపుకోలేక ఇంట్లోకి పరిగెత్తాను. వదిన మాత్రం నవ్వలేదు. బిందెడు నీళ్ళు ఆయనకిచ్చి వచ్చి, భవనంలో స్మార్ట్‌ఫోను లేని పెద్దవాళ్ళు ఎన్నిళ్ళలో ఉన్నారో లెక్కేసింది. ఇరవై మూడు.

మెట్ల కింద చీపుర్లు దాచే చిన్న గది ఉంది. అందులో ఎవరూ ముట్టుకోని పాత ఇంటర్‌కమ్ బోర్డు. మూతపడ్డ ఏదో హోటల్ నుంచి భవనం కట్టినవాళ్ళు తెచ్చి పెట్టారది. ఒక్కో ఇంటికీ ఒక్కో దీపం, ఒక్కో మీట. తీగలన్నీ ఇళ్ళదాకా ఉన్నాయి, గోడలకి ఫోన్లు కూడా ఉన్నాయి, మాట్లాడేవాళ్ళే లేరు. వదిన ఎలక్ట్రీషియన్ని పట్టుకొచ్చి, పక్కన నిలబడి, అతను "ఇది పని చెయ్యదమ్మా" అన్నప్పుడల్లా టీ ఇచ్చి, మూడో టీకి దీపాలు వెలిగించింది. దీపాల కింద హోటల్ వాళ్ళు అంటించిన పేర్లు ఎంత గీకినా రాలేదు. దాంతో అయిదో అంతస్తులో లెక్కల మాస్టారు లాండ్రీ అయ్యారు. ఒకటో అంతస్తు అమ్మమ్మ వంటగది. సబ్బు నురగ పెద్దాయన, జన్మలో కాఫీ కన్నా ఘాటైనది ఎరగని మనిషి, బార్. "లైన్లో బార్ మామగారున్నారు" అని మా వదిన మొదటిరోజు నోరు జారి అనేసరికి ఆయన రాంగ్ నంబరని పెట్టేశారు. తర్వాత ఆయనే ఫోనెత్తి "బార్ మాట్లాడుతోంది" అనడం మొదలుపెట్టారు.

ఆ బోర్డులో ఎర్ర మీట ఒకటుంది. హోటల్లో నిప్పంటుకుంటే అన్ని గదులకీ ఒకేసారి చెప్పడానికి పెట్టింది. దాన్ని లాగితే మీట వేసి ఉంచిన ఇళ్ళ ఫోన్లన్నీ ఒకే లైను మీదికి వస్తాయి. వదిన ఆ ఇరవై మూడు ఇళ్ళవే వేసి ఉంచింది. ఎవరు మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. రోజూ ఉదయం తొమ్మిదింటికి మా వదిన హెడ్‌సెట్ పెట్టుకుని, ముందు ఒక్కో ఇంటినీ పిలిచి "ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది. ఇరవై మూడు ఇళ్ళ సంగతీ విన్నాక నిప్పు మీట లాగి బులెటిన్ చదువుతుంది.

"గ్రూపులో ఈరోజు వచ్చిన శుభోదయాలు అరవై ఒకటి. పువ్వుల బొమ్మలు ముప్పై నాలుగు. ఉదయించే సూర్యుళ్ళు పద్దెనిమిది. విషయం ఒకటి. పదకొండు నుంచి పన్నెండు దాకా లిఫ్టు నడవదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే దిగిపోండి."

ఇలా ఉండేది. ఆ తర్వాత లైను మీద అరగంట కబుర్లు. ఎవరికి నిద్ర పట్టలేదు, ఎవరి మనవరాలు నడిచింది, మాస్టారిచ్చిన లెక్కకి జవాబెవరు చెబుతారు. నేను గది బయట కుర్చీలో కూర్చుని కూరలు తరుక్కుంటూ, ఇదేం పిచ్చిరా అని విసుక్కుంటూ, ఒక్కరోజు కూడా మానకుండా వినేదాన్ని.

కిందటేడు ఎవరో బ్యాంకు పేరు చెప్పి వంటగది అమ్మమ్మని ఓటీపీ అడిగారు. ఆవిడ నాలుగంకెలు చెప్పి, మిగిలిన రెండూ కళ్ళజోడు లేక కనబడక ఆగిపోయింది. అలా బయటపడింది. అది విన్నాక మా వదినకి పూనకం వచ్చింది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, గొంతు మార్చి, తనే అందరికీ దొంగ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. మొదటివారం బులెటిన్‌లో, "నిన్న తొమ్మిది ఇళ్ళు దోచేశాను. పేర్లు చెప్పను, సిగ్గుపడండి" అంది. రెండోవారం నాలుగిళ్ళు. మూడోవారం ఒక్కటీ లేదు. అప్పుడు రుమాలు తీసేసి సొంత గొంతుతో అడిగింది. పాపం అయిదుగురు నమ్మి చెప్పేశారు. వాళ్ళని ఎంత కేకలేసిందో.

"ఇప్పుడు మనిషి గొంతుని మిషన్లు తయారుచేస్తున్నాయండీ. నా గొంతైనా నమ్మకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మనవడడిగినా చెప్పకండి. నేనడిగినా చెప్పకండి."

అప్పట్నుంచీ ప్రతి బులెటిన్ చివరా ఈ మాట చెప్పడం, ఇరవై మూడు గొంతులూ బళ్ళో పిల్లల్లా "మీరడిగినా చెప్పం" అని తిరిగి అప్పజెప్పడం.

ఇదంతా సాఫీగా సాగుతుండగా మా సెక్రటరీ యాప్ తెచ్చాడు. గేటు దగ్గరికి ఎవరొచ్చారో, కుళాయి ఎక్కడ కారుతోందో, అన్నీ యాప్‌లోనే. ఓటింగు కూడా. శనివారం సాయంత్రం అందులో మొదటి ఓటింగు పెట్టాడు: ఇంటర్‌కమ్ బోర్డు తీసేసి, ఆ గదిని పార్సిళ్ళు దించుకునే గదిగా మార్చడం. ఆకుపచ్చ మీట నొక్కితే సరే, ఎర్రది నొక్కితే వద్దు. ఇంటికో ఓటు. ఆదివారం సాయంత్రం అయిదు దాకా గడువు. ఓట్లు సమానమైతే ప్రతిపాదన నెగ్గినట్టే. ఓటు వెయ్యాలంటే ఇంటి యజమాని నంబరుతో యాప్‌లో చేరాలి. చేరాలంటే ఆ నంబరుకొచ్చే ఓటీపీ కొట్టాలి.

వదిన ఇది చూసింది ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి, యాభై ఎనిమిది శుభోదయాల అడుగున. అప్పటికే ఆకుపచ్చ ఇరవై ఒకటి. ఎర్ర మూడు, ఆ ముగ్గురెవరో పుణ్యాత్ములు. వదిన మా ఓటు వేసి నాలుగు చేసింది. ఆవిడ మొహంలో నవ్వు పోవడం అన్నయ్య పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను. బోర్డు పోతే ఇరవై మూడు ఇళ్ళకి రేపట్నుంచి తొమ్మిదింటికి ఏ చప్పుడూ ఉండదు. ఈవిడకి మళ్ళీ గోడగడియారమే. రోజూ విసుక్కునే నేనే ఆ ఫోను లాక్కుని అంకెలు మళ్ళీ చూశాను.

"మనవాళ్ళు ఇరవై మూడు ఓట్లు. నాలుగూ కలిపితే ఇరవై ఏడు. గెలుస్తాం పద" అంది వదిన. కిందికి దిగి, హెడ్‌సెట్ పెట్టుకుని, తిన్నగా నిప్పు మీట లాగేసింది. సంగతంతా చెప్పి, "ఒక్కొక్కరి మొబైలుకీ ఆరంకెల నంబరు వస్తుంది. అది నాకు చెప్పండి. నా ఫోనులో నేను కొడతాను, మీరు చెప్పిన ఓటు నొక్కుతాను. ముందు బార్ మామగారూ, మీది" అంది.



"చెప్పను" అన్నారు బార్ మామగారు.

"మామగారూ, ఇవాళ నిజంగానే అడుగుతున్నాను."

"నిన్న కూడా అన్నావు కదమ్మా, నువ్వడిగినా చెప్పొద్దని. చెప్పను."

లాండ్రీ మాస్టారు గొంతు సవరించుకున్నారు. "చాలా బాగా తయారుచేశారమ్మా ప్రశ్నపత్రం. గడువు పెట్టారు, కంగారు పెట్టారు, మనకిష్టమైనది పోతుందని భయపెట్టారు. దొంగలు ఈ మూడూ చేస్తారని మొన్న బుధవారం మీరే చెప్పారు. మీకు నూటికి నూరు వేశాను."

"నేనైతే ఫోనే ఆపేశాను తల్లీ" అంది వంటగది అమ్మమ్మ. "పాసయ్యానా?"

తర్వాత వరసపెట్టి అందరూ చెప్పం, చెప్పం, చెప్పం. ఒకావిడ అయితే, "ఇది హలోగారి గొంతు కాదు, ఆవిడ గొంతు ఇంకొంచెం బొంగురు" అని తేల్చేసింది. భవనంలో మా వదినని హలోగారంటారు. చివరికి ఎవరో చప్పట్లు మొదలుపెడితే ఇరవై మూడు ఇళ్ళూ తమని తామే మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టుకున్నాయి.

వదిన హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి నా వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు. మొదట కిచకిచ, తర్వాత పొట్ట పట్టుకుని, తర్వాత కుర్చీలోంచి జారి చీపుర్ల మీద కూలబడి. "చూశావా, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. ఎంత బాగా నేర్చుకున్నారే" అంటూ కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. ఎక్కడైనా తను తవ్విన గోతిలో పడి, గొయ్యి లోతుగా వచ్చిందని మురిసిపోయే మనిషి ఉంటుందా.

"చెప్పకపోతే మానె. వాళ్ళనే దిగొచ్చి కొట్టుకోమను" అన్నాను విసురుగా.

వదిన నవ్వు ఠక్కున ఆగింది. చీపుర్ల మీంచి లేచి మళ్ళీ మీట లాగింది. "సరే, అందరూ పాసయ్యారు. నంబరు ఎవరూ చెప్పొద్దు. మీ ఫోను, మీ కళ్ళజోడు తీసుకుని మెట్ల కిందికి రండి. మీ నంబరు మీరే కొట్టండి. నేను కళ్ళు మూసుకుంటాను."

మొదట బార్ మామగారు దిగారు. కుర్చీలో కూర్చుని, వదిన మూసిన కళ్ళ ముందు చెయ్యి ఆడించి చూసి, నా వంక తిరిగి, "మీరు కూడా" అన్నారు. నేనూ మూసుకున్నాను, ఒక కన్ను సగమే. ఆ ఓటీపీకి మూడు నిమిషాలే ప్రాణం. ఆయన రుమాలు కప్పుకుని మీటల ఫోనులో మెసేజీ వెతికేసరికి ఒక నిమిషం, దగ్గరి కళ్ళజోడు బదులు దూరానిది తెచ్చానని గ్రహించేసరికి ఇంకో అర నిమిషం. కళ్ళు మూసుకునే ఉన్న మా వదిన ట్రంకాల్ రోజుల గొంతుతో, "రెండు నిమిషాల పది సెకన్లు, మామగారూ" అంది. జీవితమంతా ఊళ్ళమధ్య ఫోన్లని మూడేసి నిమిషాల ముక్కలుగా కోసిన మనిషి, ఆవిడకి గడియారం అక్కర్లేదు. ఆయన అయిదంకెలు కొట్టారు. "మూడు నిమిషాలు" అంది వదిన. ఓటీపీ చచ్చిపోయింది. రెండోసారి నా కళ్ళజోడు పెట్టుకుని గెలిచారు. ఎర్ర మీద అయిదు పడింది.

ఇక చూడండి. పదిన్నరయ్యేసరికి మెట్ల కింద ఇసకేస్తే రాలనంత జనం. కర్రలు, చక్రాల కుర్చీ ఒకటి, రెండు చేతుల మధ్య ఫోనుని పిట్టపిల్లలా దాచుకొచ్చినవాళ్ళు. వంటగది అమ్మమ్మ గడప దాటి ఎనిమిది నెలలైంది. వచ్చినావిడ ఓటు సంగతి మర్చిపోయి వరసలో అందరి మొహాల్లోకీ తొంగి చూస్తోంది. ఏడాదిన్నరగా రోజూ మాట్లాడుకుంటున్నవాళ్ళు, ఒకరి మొహం ఒకరికి తెలియదు.

"మీ గొంతు విని చాలా పొడుగనుకున్నాను" అంది ఆవిడ బార్ మామగారితో.

"మీరు దగ్గుతుంటే నేను చాలా పెద్దావిడనుకున్నానండీ" అన్నారాయన. ఆవిడకి ఎనభై రెండు. పొంగిపోయింది.

నడవలో కుర్చీలు వెలిశాయి. ఎవరో ఫ్లాస్కుతో టీ తెచ్చారు. ప్రతి ఇంటి ఓటూ పడినప్పుడల్లా చప్పట్లు, ప్రతి ఓటీపీ చచ్చిపోయినప్పుడల్లా సంతాపాలు. ఒకాయన ఓటీపీ బదులు తన పుట్టిన తేదీ కొట్టి, రాకపోతే మిషను మీద పోట్లాడాడు. ఇంకొకావిడ నాలుగుసార్లు తప్పింది, నాలుగుసార్లూ నవ్వి నవ్వి అంకెలు కనపడక. రెండు గంటలప్పుడు సెక్రటరీ అటు వచ్చి ఆ వరసని చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"పెద్దవాళ్ళు యాప్‌లో ఇంత ఉత్సాహంగా చేరతారని నేననుకోలేదాంటీ. చాలా థాంక్స్" అని వదిన చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. వాళ్ళంతా ఏ రంగు నొక్కుతున్నారో అతనికి తట్టనే లేదు. చెప్పాను కదా, మంచివాడని.

మేమిలా ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే పైన ఆకుపచ్చ కూడా ఊరికే కూర్చోలేదు. ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. నాలుగున్నరకి మాకు ఇరవై ఆరు. రావలసింది ఒక్కరే, లాండ్రీ మాస్టారు. మోకాలు నొప్పేమో అనుకుని వదిన ఫోను చేస్తే, "ఇది పరీక్షలో రెండో భాగమని నాకు తెలుసమ్మా. నేను దిగను" అన్నారు.

వదిన స్మార్ట్‌ఫోను పట్టుకుని లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కేసింది. అరవై ఆరేళ్ళ మనిషి, అయిదంతస్తులు, కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు. వెనక నేను, ప్రతి అంతస్తులోనూ ఆవిణ్ణి తిట్టుకుంటూ. తలుపు కొడితే మాస్టారు గొలుసు తియ్యకుండా సందులోంచి చూశారు.

"ఎవరండీ?"

"నేనే మాస్టారూ, హలోని."

"మీ మొహం నేనెప్పుడూ చూడలేదు."

"గొంతు విన్నారు కదండీ."

"గొంతుని మిషన్లు తయారుచేస్తున్నాయని మీరే చెప్పారు. మీరైతే." గొలుసు కదల్లేదు. టైము నాలుగూ నలభై రెండు. నేను నోరు తెరవబోతే మాస్టారు వేలెత్తి, "ఒక ప్రశ్న. ఇవాళ గ్రూపులో శుభోదయాలు ఎన్ని?" అన్నారు.

"యాభై ఎనిమిది. అందులో రెండు ఒకే మనిషివి. మొదటిదాంట్లో పువ్వు తలకిందులుగా వచ్చిందని మళ్ళీ పంపింది."

గొలుసు జారింది. "ఇది మిషనుకి తెలిసే సంగతి కాదు" అన్నారు మాస్టారు. లోపలికి పిలిచి కుర్చీలు చూపించి, మా ఇద్దరి చేతా కళ్ళు మూయించి, తను గోడవైపు తిరిగి, ఒక్క తప్పు లేకుండా ఆరంకెలూ నలభై సెకన్లలో కొట్టేశారు. ఎర్ర ఇరవై ఏడు.

ఇరవై ఏడు, ఇరవై ఏడు. సమానమైతే వాళ్ళదే గెలుపు. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. మెట్లు దిగి కిందికి వచ్చాం. నడవలో పెద్దవాళ్ళంతా కూర్చుని ఉన్నారు, ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. ఇంకెవరిని అడగాలి? కుర్రవాళ్ళ తలుపులు కొట్టమన్నాను. "గేటు దగ్గర పార్సిళ్ళ కోసం వాళ్ళు పడే అవస్థా నేను చూస్తూనే ఉన్నానే, వాళ్ళని ఏమని అడగను" అంది. బోర్డు ముందు కూర్చుని దీపాల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. నాకేమో గట్టిగా ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చడానికి లేవాలి, అందుకని ఊరుకున్నాను.

అయిదుకి అయిదు నిమిషాలుందనగా సెక్రటరీ వచ్చాడు, చేతిలో కొలతల టేపుతో. పార్సిళ్ళ అరలకి గోడ కొలవాలట. "బాధపడకండాంటీ, మీరు బులెటిన్ యాప్‌లో రాయొచ్చు. అందరూ చేరిపోయారు కదా" అన్నాడు. నిజంగా ఓదార్చాలనే అన్నాడు. టేపు ఒక చివర పట్టుకోమని నాకిచ్చాడు. నేను పట్టుకోలేదు.

అప్పుడు వదిన ఫోను టింగుమంది. ఎర్ర ఇరవై ఎనిమిది.

బార్ మామగారు అందరి తలలూ లెక్కపెట్టారు. మాస్టారొక్కరూ పైనున్నారు, ఆయనది అయిపోయింది. మాకెవరికీ తెలియని ఓటది. ఎవరిదో అని ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటుండగానే అయిదైంది, ఓటింగు మూసుకుంది, నడవంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ గోలలో, బోర్డు మీద పై వరసలో ఎప్పుడూ వెలగని దీపం ఒకటి వెలిగింది. మోగితే ఊరుకుంటుందా మా వదిన. ఎత్తింది. విని, వెనక్కి తిరిగి సెక్రటరీని చూసి, స్పీకరు మీట నొక్కింది.

"మావాడు అక్కడున్నాడామ్మా?"

సెక్రటరీ వాళ్ళమ్మ. మూడో అంతస్తులోనే, బార్ మామగారి పక్కిల్లు. ఆ ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది, ఓటూ ఆవిడదే.

"ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు సెక్రటరీ. "ఓటు నిన్ననే వెయ్యమన్నాను కదా."

"ఆకుపచ్చది నొక్కమన్నావు. రోజంతా ఆలోచించాను. ఇప్పుడు ఎర్రది నొక్కాను."

సెక్రటరీ చేతిలో టేపు సర్రుమని వెనక్కి చుట్టుకుపోయింది. "నీకెందుకమ్మా ఈ బోర్డు? నీకు మంచి ఫోను కొనిచ్చాను. అందరి గ్రూపుల్లోనూ చేర్చాను. నీకన్నీ తెలుస్తున్నాయి కదా."

"తెలుస్తున్నాయి రా. రోజుకి నూటయాభై వస్తాయి. అన్నీ చూస్తాను. అందులో ఒక్కటీ నాకని రాసింది కాదు. తొమ్మిదింటికి పక్కింట్లో ఫోను మోగుతుంది. ఆయన ఎత్తి, రాత్రి నడుం నొప్పి ఎలా ఉందో ఎవరికో చెబుతారు. తర్వాత పకపకా నవ్వుతారు. నేను గోడ పక్కన కుర్చీ వేసుకుని వింటాను. మాటలు సరిగా వినబడవు, నవ్వు వినబడుతుంది. హలోగారూ, మా ఇంట్లో కూడా ఆ గోడ ఫోను ఉందమ్మా. ఏడాదిన్నరగా దాన్ని తుడిచి పెడుతున్నాను. మాకెందుకు మోగదు?"

ఇరవై మూడు ఇళ్ళు లెక్కేసినప్పుడు మా వదిన అడిగింది ఒకటే, స్మార్ట్‌ఫోను లేనివాళ్ళెవరని. ఉన్నవాళ్ళకి అన్నీ ఉన్నాయనుకుంది. నేనూ అదే అనుకున్నాను. బార్ మామగారు రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు, అది నాదని కూడా చూసుకోలేదు.

"తప్పు నాదేనండీ" అంది వదిన. "రేపు తొమ్మిదింటికి మొదట మీకే చేస్తాను."

"రేపటి సంగతి సరేనమ్మా. మరి ఇవాళో?" అంది ఆవిడ.

అప్పుడు సెక్రటరీ టేపు కింద పెట్టి, వదిన తల మీంచి హెడ్‌సెట్ తానే తీసుకున్నాడు. దాన్ని తిరగేసి పెట్టుకుంటే వదిన సరిచేసింది, స్పీకరు ఆపేసింది. అతను గోడవైపు తిరిగి, చాలా చిన్న గొంతుతో, "అమ్మా, ఎలా ఉన్నావు?" అన్నాడు.

ఒకే ఇంట్లో ఉంటారు ఇద్దరూ. లిఫ్టులో వెళ్తే రెండు నిమిషాలు, ఎదురుగా కూర్చుని అడగొచ్చు కదా అనబోయాను. వదిన నా నోరు నొక్కి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, తలుపు దగ్గరగా వేసింది. పెద్దవాళ్ళంతా తమ కుర్చీలు చప్పుడు కాకుండా అవతలికి జరుపుకున్నారు. అతను బయటికొచ్చేసరికి ఆరున్నరైంది.